సముద్రము దాటిన ఉత్తరములు

(ధ్యాన భాగములు: యోహాను వ్రాసిన మూడవ పత్రిక, అపొస్తలుల కార్యములు 14:8-18)



మన బైబిలులోని మిక్కిలి చిన్న పత్రికలలో యోహాను వ్రాసిన మూడవ పత్రిక యొకటి. అది ఏ సంఘమునకో వ్రాసినది కాదు. గాయు అను నొక స్నేహితునికి వ్రాసినది. అందులో ముసలి పెద్ద తన స్నేహితుని ఆరోగ్యమును విచారించును. బాటసారులైన సహోదరులకు అతడు చేసిన మేలును మెచ్చుకొనును. సంఘములో తానే ముందుండవలెనని కోరు దియొత్రెఫేను గూర్చి తన మనోవేదన చెప్పుకొనును. ఇక కలము పెట్టి వ్రాయుటకంటె త్వరలో ఎదురెదురుగా మాటలాడుటయే మేలని ముగించును. ఇంత సొంత ఉత్తరమును పరిశుద్ధ గ్రంథములో దేవుడు ఎందుకు ఉంచెనా అని మేము పలుమారు ఆలోచించితిమి. మనిషి పదిమంది ముందు మాటలాడునప్పుడు కనబడని సంగతి, ఒక్క స్నేహితునికి వ్రాయునప్పుడు కనబడును గదా!

ఉత్తరముల మహిమ మన ప్రాంతపు సంఘములకు క్రొత్త కాదు. 1842వ సంవత్సరము జూలై 31న గుంటూరు చేరిన హయ్యరు అయ్యగారును, ఆ తరువాత ఒంగోలులో పనిచేసిన క్లౌ దొరగారును అమెరికాలోని తమవారికి వ్రాసిన ఉత్తరములు మన సంఘ చరిత్రలో భాగములు. రంగూనుకు కూలికి పోయిన కుమారుని ఉత్తరము వచ్చినప్పుడు, మిరప కళ్లములో పని ఆపి, ఉపదేశిగారిచేత రెండుమారులు చదివించుకొనిన తల్లుల సంగతి పెద్దలు చెప్పగా విని యున్నాము. నేడు చేతిలోని ఫోను మ్రోగును, మాటలు గాలిలో పోవును. కాగితము మాత్రము మిగులును.

ఈ మాసము మేము చెప్పబోవు జీవితము మన విశ్వాసములోని వానిది కాదు. తెలుగు నేల మీద పుట్టి, లోకమంతట తత్త్వవేత్తగా పేరుపొందిన జిడ్డు కృష్ణమూర్తిగారిది. ఆయనకును, ఇంగ్లాండు దేశపు ఎమిలీ లట్యెన్సు దొరసానికిని మధ్య ఏబది యేండ్లకు పైగా నడిచిన స్నేహమునుగూర్చి, ఉత్తరములనుగూర్చి చెప్పెదము. లుస్త్ర పట్టణములో పౌలు బర్నబాలకు ఒక్క దినము జరిగినది ఈయనకు పదునెనిమిది యేండ్లు జరిగెను. అందుచేతనే ఈ కథను ఎన్నుకొంటిమి.

కృష్ణమూర్తిగారు 1895వ సంవత్సరము మే మాసములో మదనపల్లెలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబములో ఎనిమిదవ బిడ్డగా పుట్టెను. ఎనిమిదవ బిడ్డ గనుక కృష్ణుని పేరు పెట్టిరి. తండ్రి నారాయణయ్యగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ 1905లో చనిపోయెను. అప్పటికి పిల్లవానికి పదియేండ్లు. తరుచు జ్వరముతో పడియుండు బక్క పిల్లవాడు, బడిలో పాఠము రాక దెబ్బలు తినువాడు. ఆయనకు తోడు నిత్యానంద అను తమ్ముడు. తండ్రి ఉద్యోగము విరమించిన పిమ్మట 1909లో పిల్లలను తీసికొని మద్రాసు దగ్గర అడయారులోని దివ్యజ్ఞాన సమాజములో పనికి చేరెను. అక్కడ సముద్రపు ఒడ్డున లెడ్‌బీటరు అను నొక ఇంగ్లీషువాడు ఈ పిల్లవానిని చూచి, రాబోవు జగద్గురువు ఈ శరీరములోనే ప్రత్యక్షమగునని ప్రకటించెను. పూర్వము క్రీస్తు ఎవడో వాడే ఇప్పుడు ఈ బాలుని ద్వారా మాటలాడునని వారి బోధ. మన పాఠకులకు ఈ మాట చెవులకు ములుకువలె నుండును. మాకును అట్లే యున్నది. అయితే ఆ బోధలో ఆ పిల్లవాని దోషమేమున్నది? అతనిని ఎవరును అడుగలేదు.

సమాజాధ్యక్షురాలు అనీబిసెంటు దొరసాని 1910లో ఆ అన్నదమ్ములకు సంరక్షకురాలాయెను. మరుసటి సంవత్సరము తూర్పు నక్షత్ర సంఘమని యొకటి స్థాపించి బాలుని దానికి శిరస్సుగా పెట్టిరి. (నక్షత్రమనగానే మన ఒంగోలువారికి వేరొక నక్షత్రము జ్ఞాపకము వచ్చును. 1853లో అమెరికా బాప్తిస్టు పెద్దలు, మూసివేయుదమా అని తర్కించుకొనిన మన తెలుగు మిషనుకు ఒంటరి నక్షత్రమని పేరు వచ్చెను. ఆ నక్షత్రమును ఎవరును మ్రొక్కలేదు. దాని క్రింద పని చేసిరి.) 1911 డిసెంబరు 28న కాశీలో, పదునారేండ్ల కృష్ణమూర్తి సభ్యులకు పత్రములు పంచుచుండగా, చదువుకొనినవారు, తలనెరసినవారు, తెల్లదొరలు సహా ఒకరి వెనుక ఒకరు అతని పాదములపై పడిరి. లుస్త్రలో ద్యుపతి పూజారి ఎడ్లను పూదండలను తెచ్చినప్పుడు అపొస్తలులు తమ వస్త్రములు చింపుకొని జనములోనికి దూకిరి. వారు పెద్దవారు, తామెవరో ఎరిగినవారు. పదునారేండ్ల పిల్లవాడు ఏమి చింపుకొనగలడు?

తండ్రికి మనస్సు మారి, పిల్లలను తిరిగి తనకిప్పించుమని 1912లో వ్యాజ్యము వేసెను. 1913లో మద్రాసు హైకోర్టులో ఆయన గెలిచెను. 1914 మే మాసములో లండనులోని ప్రీవీ కౌన్సిలు బిసెంటు దొరసాని పక్షమున తీర్పు చెప్పెను. పిల్లల కోరిక ఏమిటో విచారింపలేదన్నది ఒక కారణము. అప్పటికి పిల్లలు ఇంగ్లాండులోనే యుండిరి. ఆ దేశములో ఏండ్ల తరబడి పెరిగి కృష్ణమూర్తిగారు తెలుగు మాట మరచిపోయిరి. ఆయన ఉత్తరములన్నియు ఇంగ్లీషులోనే. గెలిచి ఓడిన ఆ తండ్రిని తలంచుకొనినప్పుడు మాకు దుఃఖము కలుగును.

ఇక ఎమిలీ దొరసాని సంగతి. ఆమె హిందూదేశమునకు వైస్రాయిగా నుండిన లిట్టన్ ప్రభువు కుమార్తె. 1874లో పుట్టెను. ఆమె భర్త ఎడ్విన్ లట్యెన్సు గొప్ప శిల్పి. క్రొత్త ఢిల్లీలో వైస్రాయి భవనమును, అనగా ఇప్పటి రాష్ట్రపతి భవనమును, గీసి కట్టించినవాడు ఆయనే. (తిరుపతి లూథరను మిషను బడిలో చదువుకొనిన మరియొక తెలుగు ఇంటి తత్త్వవేత్త, సర్వేపల్లి రాధాకృష్ణగారు, 1962 మొదలు 1967 వరకు ఆ యింటనే రాష్ట్రపతిగా నివసించెను. ఇది కథకు సంబంధము లేని మాటయైనను చెప్పక యుండలేకపోతిమి.)

ఆమెనుగూర్చి మన పాఠకులు ముఖ్యముగా తెలిసికొనదగిన దొకటి యున్నది. ఆమె చిన్న పిల్లగా నుండినప్పుడు, 1887 మొదలుకొని, ఇంగ్లాండులో ఒక పల్లెటూరి సంఘ కాపరియైన ఎల్విన్ అయ్యగారితో ఉత్తరములు నడిపెను. ఆమెకు పండ్రెండేండ్లు, ఆయనకు డెబ్బది. తన కోపములు, సందేహములు, ఇంటిలోని కష్టములు అన్నియు ఆ ముసలి కాపరికి వ్రాయుచుండెను. ఆయన విసుగులేక బదులు వ్రాయుచుండెను. ఆ ఉత్తరములు 1953లో పుస్తకముగా వెలువడినవి. ఆదివారపు ప్రసంగము అయిన వెంటనే మా పని ముగిసినదనుకొను కాపరులము మేమును కొందరము ఉన్నాము. ఆ పల్లెటూరి అయ్యగారు ఒక్క పిల్లకోసము ఎంత సిరా ఖర్చుచేసెనో చూడుడి. మనస్సు విప్పి వ్రాయుట ఆమె అక్కడ నేర్చుకొనెను. పిమ్మట తల్లిలేని మరియొక బిడ్డ ఆ విధముగనే ఆమెకు వ్రాసెను.

1911 మే మాసములో, లండనులో రైలుస్టేషనులో, బిసెంటు దొరసాని వెంట దిగిన ఇద్దరు తెలుగు పిల్లలను ఎమిలీ మొదటిమారు చూచెను. ఆమెకు ముప్పదియారేండ్లు, అయిదుగురు బిడ్డల తల్లి. చలిలో వణకుచు, ఆ దేశపు బూట్లు నొప్పిపెట్టగా, అన్నపానములు సరిపడక, ఎవరితో ఏమి మాటలాడవలెనో తెలియక నిలిచిన ఆ పిల్లవానిని చూచి ఆమె హృదయము కరిగెను. ఇక్కడనే ఈ స్నేహములోని చిక్కుముడి పడినది. ఆ పిల్లవానికి కావలసినది తల్లి. ఆమె తల్లి ఆయెను, నిజమే. అయితే ఆమె అతనిని జగద్గురువని కూడ నమ్మెను. ఇంగ్లాండులో ఆ నక్షత్ర సంఘమునకు ప్రతినిధిగా నిలిచి, ఊరూర ప్రసంగించుచు, రాబోవువానికి మార్గము సిద్ధపరచుచుండెను. ఒక చేతితో తలనిమురుచు, రెండవ చేతితో అతని తలపై మోయలేని కిరీటము పెట్టుచుండెను. తన సొంత బిడ్డలను తగినంత కనిపెట్టలేదని ఆమె తన ముసలితనములో దాపరికము లేక ఒప్పుకొనెను.

సమాజపు పెద్దలకు ఈ చనువు నచ్చలేదు. జగద్గురువునకు ఇట్టి మమకారము తగదని వారనుకొనిరి. 1914లో ఇంగ్లాండు సముద్రతీరమున ఒక ఊరిలో గురువుల కాపలాలో చదువుకొను దినములలో వారి కలయికలు తగ్గించిరి. అప్పుడు ఉత్తరములే మిగిలినవి. ఆ ఉత్తరములలో లోకరక్షకుని మాటలు లేవు. ఒంటరితనము, చదువులో అలసట, తానెందుకు ఇట్లు ఎన్నుకొనబడెనో అను విసుగు, ఆమెను చూడవలెనను కోరిక యున్నవి. విశ్వవిద్యాలయములు అతనిని చేర్చుకొనలేదు. లండను మెట్రిక్యులేషను పరీక్షలో తప్పెను. వేలమంది ఏ నోటి మాటకొరకు కనిపెట్టుచుండిరో, ఆ నోరు పరీక్షాధికారి యెదుట మూగవోయెను. 1920లో పారిసునుండి వ్రాసిన ఉత్తరములలో, సమాజపు బోధలను నిజముగా నమ్ముచున్నానా అను సందేహమును కూడ ఆమెకు తెలిపెను. వేరెవరికి చెప్పగలడు? దేవుడని మ్రొక్కువారికి నాకు నమ్మకము లేదని చెప్పుట ఎట్లు?

1922లో అన్నదమ్ములు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓహాయి అను లోయకు చేరిరి. తమ్ముడు నిత్యకు క్షయ. మన జిల్లాలనుండి ఎందరో రోగులు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమునకు పోయినట్లే, పొడిగాలి కొరకు వీరు అక్కడికి పోయిరి. పుట్టిన ఊరి దగ్గరనే మిషనువారి క్షయ ఆసుపత్రి యుండగా, ఆ మదనపల్లె పిల్లవాడు ప్రపంచము చుట్టి ఆరోగ్యము వెదకవలసి వచ్చెను. ఆ ఆగస్టులో అక్కడి మిరియపు చెట్టు క్రింద కృష్ణమూర్తిగారికి ఒక తీవ్రమైన అనుభవము కలిగెను. (అది మన మిరపకు చుట్టము కాదు. మిరియములను పోలిన కాయలు కాయు పెద్ద నీడ చెట్టు.) దినముల తరబడి మెడలో నొప్పి, తెలివి తప్పుట, పిమ్మట గొప్ప శాంతి. ఆ సంగతియు మొదట తెలిపినవారిలో ఎమిలీ యొకతె. దానికి అర్థమేమో తీర్పు చెప్పుటకు మేము పూనుకొనము.

1925వ సంవత్సరము ఈ కథలో మిక్కిలి భారమైనది. ఆ ఆగస్టులో హాలెండులోని ఓమెన్ శిబిరములో బిసెంటు దొరసాని జగద్గురువు యొక్క అపొస్తలుల పేర్లు బహిరంగముగా చదివెను. వారిలో ఎమిలీ పేరు కూడ నుండెను! ఆమె ఆనందముతో పొంగి ఓహాయికి వ్రాసెను. రోగియైన తమ్ముని మంచము ప్రక్కనుండి వచ్చిన బదులులో ఆనందము లేదు. అనుమానమును, విచారమును ఉన్నవి. ఎవరిని గురువు అనుచున్నారో, ఆ గురువునకే అపొస్తలుల నియామకము రుచించలేదు. అయినను తనను పెంచిన ముసలి బిసెంటమ్మ మనస్సు నొప్పించుటకు ఇష్టపడక పైకి ఏమియు అనలేదు. మంచి మనస్సుతో ఊరకుండుట కూడ కొన్నిమారులు అబద్ధమునకు పందిరి వేయును.

నిత్య చనిపోడని సమాజపు పెద్దలు చెప్పిరి. అదృశ్య గురువులు కాపాడుదురనిరి. అన్న ఆ మాట నమ్మి ఓడయెక్కి హిందూదేశమునకు బయలుదేరెను. 1925 నవంబరు 13న ఓహాయిలో నిత్య కన్నుమూసెను. ఓడ సూయజు కాలువ చేరునప్పటికి తంతి వచ్చెను. పది దినములు ఆ అన్న ఓడలో ఏడ్చిన ఏడ్పు తోటివారు మరువలేదు. చిన్నతనములో తెలుగులో అమ్మ అని పిలిచిన జ్ఞాపకమును పంచుకొనువాడు ఆ తమ్ముడు. మన యిండ్లలోను, ఫలాని సేవకుడు ప్రార్థించెను గనుక బిడ్డ చావడని నమ్మించి, మందు మాన్పించి, పిమ్మట సమాధియొద్ద మౌనముగా నిలిచిన సంగతులు మేమెరుగుదుము. ఆ మౌనములో ఎన్ని విశ్వాసములు చచ్చినవో దేవునికే తెలియును.

ఆరువారముల తరువాత, డిసెంబరు 28న, అడయారు మర్రిచెట్టు క్రింద ప్రసంగించుచు కృష్ణమూర్తిగారు వచ్చువాడు అనుట మాని నేను వచ్చుచున్నాననునట్లు మాటలాడెను. జగద్గురువే పలికెనని జనులు సంతోషించిరి. 1927లో బిసెంటు దొరసాని ఆయన వచ్చేసెనని లోకమునకు ప్రకటించెను. కాని ఆయన లోపల వేరొక పని జరుగుచుండెను. తమ్ముని కాపాడని గురువుల మాట ఆయన నోట తగ్గుచు వచ్చెను.

1929 ఆగస్టు 3న, ఓమెన్ శిబిరములో, మూడువేల మందికి పైగా సభ్యుల యెదుట, బిసెంటు దొరసాని వినుచుండగా, ఆయన ఆ సంఘమును రద్దుచేసెను. తనకు శిష్యులు అక్కరలేదనెను. కానుకగా వచ్చిన కోటను, వేల ఎకరముల భూమిని, ఇచ్చిన ప్రభువునకు తిరిగి ఇచ్చివేసెను. ప్రియులారా, మన నేల మీద అరయెకరము చెరువు గట్టుకోసము, సంఘపు తోటలోని నాలుగు చింతచెట్లకోసము కోర్టుకెక్కిన పెద్దలున్నారు గదా! సింహాసనమెక్కించిన తరువాత తానుగా దిగినవారు చరిత్రలో కొద్దిమంది.

కాని ఆ దినము ఎమిలీ దొరసానికి ఏమాయెను? ఆమె పదునెనిమిదేండ్లు ఈ రాకడ కొరకే బ్రదికెను. భర్తను నొప్పించెను, బిడ్డలను అశ్రద్ధ చేసెను, ధనము ఖర్చుపెట్టెను. ఇప్పుడు ప్రభువనుకొనినవాడే నేను కాననుచున్నాడు. 1930లో ఆమె దివ్యజ్ఞాన సమాజమును విడిచెను. చేతిలో ఏమియు మిగులలేదు. ఆయన క్రొత్త మార్గము ఆమెకు అంతుపట్టలేదు. తన బాధ ఆయనకే వ్రాసెను. ఆయన ప్రేమతోనే బదులు వ్రాసెను, కాని ఒక్క అడుగు వెనుకకు వేయలేదు. ఆమె ఓదార్పు కొరకు తిరిగి దేవుడై కూర్చుండలేదు. అది కఠినమా? మొదట మేము కఠినమనుకొంటిమి. మరల ఆలోచింపగా, ఆమెకు ఆయన చేసిన మేళ్లలో అదియే పెద్దది యనిపించినది.

ఇక్కడ మా మనస్సులోని మాట దాచము. గురువులు వద్దు, గుడులు వద్దు, గ్రంథములు వద్దు, ఎవనికి వాడే వెలుగు కావలెనని కృష్ణమూర్తిగారు ఆ తరువాత ఏబదియారేండ్లు దేశదేశములు తిరిగి బోధించెను. అది మన విశ్వాసము కాదు. యోహాను సువార్త మొదటి అధ్యాయములో బాప్తిస్మమిచ్చు యోహాను నేను క్రీస్తును కానని ఒప్పుకొనెను. అంతటితో ఆగక, వచ్చుచున్న ఆయనను వ్రేలెత్తి చూపెను. పౌలు బర్నబాలును లుస్త్రలో తాము మనుష్యులమని చెప్పి, వానలను ఫలవంతమైన ఋతువులను ఇచ్చు జీవముగల దేవుని వైపు ఆ రైతులను త్రిప్పిరి. కృష్ణమూర్తిగారు పీటను తీసివేసెను, కాని కూర్చుండదగినవానిని చూపలేదు. ఈ లోపమును చెప్పుచునే, తనది కాని పీటమీదినుండి లేచిన ఆయన నిజాయితీకి తలవంచుచున్నాము. మన మీటింగుల గోడపత్రికలలో ప్రభువు పేరుకంటె ప్రసంగీకుని బొమ్మ నాలుగింతలు పెద్దదగుచున్న ఈ దినములలో, ఒక అన్యుడు దిగిన మెట్లు మనము లెక్కపెట్టుట తప్పు కాదు.

ఉత్తరములు ఆగలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమంతయు ఆయన కాలిఫోర్నియాలో చిక్కుకొని, ఆవు పాలు పిదుకుచు, కూరగాయలు పండించుకొనుచు నుండెను. బాంబులు పడుచున్న ఇంగ్లాండునుండి ఎమిలీ ఆయనను నిష్ఠూరమాడుచు వ్రాసెను: లోకపు ఘోరమునకు దూరముగా తప్పించుకొని కూర్చున్నావని ఆ మాటల భావము. ఆయన కోపగించుకొనక తన పక్షము చెప్పుకొని బదులు వ్రాసెను. ఈ ఉత్తరపు సంగతి మాకు మిక్కిలి ప్రియమైనది. ఒకప్పుడు ఆయన రాకడకొరకు ఊరూర ప్రకటించిన ఆమె ఇప్పుడు కన్నకొడుకును కోప్పడినట్లు ఆయనను కోప్పడుచున్నది. 1911లో రైలుస్టేషనులో ఆ పిల్లవానికి కావలసినది ఇదియే గదా! అది చేతికందుటకు ముప్పది యేండ్లు పట్టెను.

1957లో ఎమిలీ తన జీవితకథను అచ్చువేయించెను. తన పొరపాట్లను తానే నవ్వుచు చెప్పెను. ఆయన లండనుకు వచ్చినప్పుడెల్ల ఆమెను చూడవచ్చుచుండెను. 1964 జనవరిలో, ఎనుబదితొమ్మిదేండ్ల వయస్సున, ఆమె కన్నుమూసెను. ఆయన వ్రాసిన ఉత్తరములు ఆమె దాచియుంచెను. ఆమె కుమార్తె మేరీ వాటి సాయముతో ఆయన యౌవన కాలపు చరిత్ర వ్రాసి 1975లో ప్రకటించెను. కృష్ణమూర్తిగారు 1986 ఫిబ్రవరి 17న, తొంబదియేండ్లు నిండినవాడై, ఓహాయిలోనే, ఆ మిరియపు చెట్టు నీడనున్న చిన్న యింటిలో మరణించెను.